పుట్టి పెరిగిన విశ్వాసాన్ని ప్రశ్నించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్న, క్రైస్తవ మతంలో కలవలేదు. అమ్మమ్మ కలిసింది, పిల్లలందరికీ బాప్తిస్మం ఇప్పించింది, ఆయన మాత్రం అలాగే ఉండిపోయాడు. సత్తెనపల్లి దగ్గర మా పల్లెలో పోలేరమ్మ కొలుపులకి డప్పు కొట్టేది ఆయనే. "నేను కూడా కలిసిపోతే అమ్మవారి ముందు డప్పు ఎవరు కొడతారే" అనేవాడు. అయినా ఆదివారం పొద్దున్నే మమ్మల్ని సైకిల్ మీద లూథరన్ చర్చికి తీసుకొచ్చేది కూడా ఆయనే. ముందు కడ్డీ మీద నేను, వెనక తమ్ముడు. ఆరాధన అయ్యేదాకా బయట వేపచెట్టు కింద నిలబడేవాడు. లోపల కీర్తన అందుకుంటే, బయట సైకిల్ సీటు మీద వేళ్ళతో దరువు వేసేవాడు.

నాకు 11 ఏళ్ళప్పుడు ఆయన చనిపోయాడు. ఆ తర్వాత కొన్ని వారాలకి సండేస్కూల్లో విశాలమార్గం, ఇరుకుమార్గం పటం గోడకి తగిలించి పాఠం చెప్పారు. విశాలమార్గం చివర మంటలు. నేను లేచి "మా తాతయ్య నరకంలో ఉన్నాడా అండీ?" అని అడిగాను. టీచరమ్మ గారు మార్కు 16:16 చెప్పించారు: "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును, నమ్మని వానికి శిక్ష విధింపబడును." ఇలాంటి ప్రశ్నలు సాతాను పుట్టిస్తాడని చెప్పి పాఠం అయ్యేదాకా మోకాళ్ళ మీద ఉండమన్నారు.

ఇప్పుడు నాకు 41. హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. ఆ రోజు నాలాగా అడిగి ఊరుకోవాల్సి వచ్చినవాళ్ళు, ఇప్పటికీ ఆ ప్రశ్నని లోపలే మోస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. వాళ్ళ కోసం, నేను చేసిన పద్ధతీ, చేసిన తప్పులూ రాస్తున్నాను.

నేను ఎక్కడ తేలానో ముందే చెప్పడం న్యాయం. నిత్య నరకం ఉందని నేను నమ్మను. క్రిస్మస్‌కి, మంచి శుక్రవారానికి అమ్మతో చర్చికి వెళ్తాను, కీర్తనలు గొంతెత్తి పాడతాను. ప్రభు భోజనం (ఆరాధనలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం) తీసుకోను, ఎందుకంటే అక్కడ ఒప్పుకోవాల్సిన మాటలన్నీ నేను ఒప్పుకోలేను. ప్రార్థన మానలేదు. మీరూ ఇక్కడికే రావాలని లేదు. నాతో నర్సింగ్ చదివిన అమ్మాయి ఇవే ప్రశ్నలతో మొదలై ఇంకా గట్టి విశ్వాసి అయింది. ఇంకొకతను పూర్తిగా బయటికి వెళ్ళిపోయాడు. ఇద్దరితోనూ నాకు ఇవాళ్టికీ మాటలున్నాయి.

ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయండి

నోట్‌బుక్ ఒకటి కొనుక్కోండి. ఫోన్లో వద్దు, ఫోన్ ఇంట్లో అందరూ చూస్తారు. ఎడమ పేజీలో ప్రశ్న, కుడి పేజీలో దానికి దొరికినవి. ఒక పేజీకి ఒకే ప్రశ్న.

"అసలు దేవుడున్నాడా" అనే దానితో మొదలుపెట్టకండి. అది చాలా పెద్దది, రెండు రోజులు ఆలోచిస్తే తల తిరుగుతుంది, ఏమీ తేలదు. మీకు నిద్ర పట్టనివ్వని చిన్న ప్రశ్న ఒకటి ఉంటుంది. నాది "తాతయ్య నరకంలో ఉన్నాడా" అన్నదే. నర్సింగ్ హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయిది "అక్క అంత ప్రార్థన చేసినా బిడ్డ ఎందుకు దక్కలేదు". ఇంకొకరిది "పెళ్ళి సంబంధాల దగ్గర మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్, రెడ్డి క్రిస్టియన్ అని ఎందుకు అడుగుతారు, క్రీస్తులో అందరూ ఒకటే అని గలతీ పత్రికలో ఉంది కదా". మీ సొంత మాటల్లో, మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి. చర్చి భాషలో రాస్తే జవాబు కూడా ఆ భాషలోనే వచ్చేస్తుంది, నేర్పిన జవాబే మళ్ళీ రాసుకుంటాం.

ప్రశ్న వేయడమే పాపమని ఎవరైనా అంటే యోబు గ్రంథం చివరి అధ్యాయం తీయండి. యోబు పుస్తకమంతా దేవుణ్ణి నిలదీస్తాడు. ముగ్గురు స్నేహితులు దేవుడి తరఫున మాట్లాడతారు. ఆఖర్న దేవుడు ఆ స్నేహితుల మీద కోపపడి, యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదు అంటాడు (42:7). హబక్కూకు, 13వ కీర్తన కూడా "ఎన్నాళ్ళు" అన్న ప్రశ్నతోనే మొదలవుతాయి. మేం కన్ఫర్మేషన్‌కి, అంటే కాస్త పెద్దయ్యాక చర్చిలో అందరి ముందూ విశ్వాసం ఒప్పుకునే ఆచారానికి, కంఠతా పట్టిన మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో, 1529లో ఆయన రాసిన దానిలో, ప్రతి ఆజ్ఞ తర్వాతా "ఇదేమిటి?" అనే ప్రశ్న ఉంటుంది. ఆ ప్రశ్న నిజంగా అడిగే వయసు వచ్చేసరికి మాకు పుస్తకంలోని జవాబు నోటికి వచ్చేసింది.

ఇది ఎవరి మాట?

ప్రశ్న రాశాక దాని పక్కన ఇది రాయండి: నాకు ఈ మాట ఎవరు చెప్పారు? బైబిల్లో ఉందా, మా శాఖ చెప్తుందా, మా పాస్టరు గారు చెప్పారా, లేక మా ఇంట్లో అలవాటా? చిన్నప్పుడు ఇవన్నీ కలిసి "దేవుడు చెప్పాడు" అయిపోతాయి. విడదీయడానికి నాకు చాలా కాలం పట్టింది. కానీ సగం బరువు ఇక్కడే దిగిపోయింది.

నాకు మొదట తెలియజెప్పింది బాప్తిస్మమే. పసిబిడ్డగా ఉన్నప్పుడు లూథరన్ చర్చిలో నా నెత్తిన నీళ్ళు చల్లారు. నరసరావుపేటకి మారాక అమ్మ ఒక స్వతంత్ర సంఘానికి వెళ్ళడం మొదలుపెట్టింది. చిలకరింపు చెల్లదు, ముంచితేనే బాప్తిస్మం అని అక్కడ చెప్పారు. నాకు 16 ఏళ్ళప్పుడు సాగర్ కాలువలో మళ్ళీ ముంచారు. రెండు చోట్లా ఒకే బైబిల్, రెండు చోట్లా దేవుడే చెప్పాడన్నారు. అమ్మమ్మకి మాత్రం చనిపోయేదాకా చిలకరింపే. మరి అమ్మమ్మ సంగతేమిటి? ఆ పేటలో ఎవరూ ఆ మాట పైకి అనలేదు, ఎందుకంటే అందరి ఇళ్ళలోనూ ఒక అమ్మమ్మ ఉంది.

ఇంకో ఉదాహరణ ప్రసాదం. పక్కింటివాళ్ళు సత్యనారాయణ వ్రతం చేసుకుని ప్రసాదం తెచ్చిస్తే, మా ఇంట్లో తీసుకుని, వాళ్ళు వెళ్ళాక కుక్కకి పెట్టేవాళ్ళం. చిన్నప్పుడు నాకు అది చాలా బాధగా ఉండేది. తర్వాత 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు పూర్తిగా చదివాను. కొరింథులో వాళ్ళకీ ఇదే సమస్య. పౌలు విగ్రహం వట్టిదంటాడు. తినకపోతే తక్కువా లేదు, తింటే ఎక్కువా లేదంటాడు. కటికి అంగట్లో అమ్మేది ఏమీ అడక్కుండా తినండి అంటాడు. అయితే బలహీనమైన మనస్సాక్షి ఉన్న సహోదరుడు అభ్యంతరపడేటట్టయితే తినొద్దంటాడు. దయ్యాల బల్లలో పాలుపొందొద్దని కూడా అక్కడే ఉంది. అపొస్తలుల కార్యాలు 15లో, ప్రకటన 2లో ఇంకా గట్టిగా వద్దని ఉంది. అంటే మొదటి శతాబ్దంలోనే దీని మీద ఒకే మాట లేదు, మనుషుల్ని బట్టి, సందర్భాన్ని బట్టి ఆలోచించుకున్నారు. మా వరకు వచ్చేసరికి అది "ముట్టకూడదు" అయింది. ఇప్పుడు నేను పక్కింటి పెద్దావిడ ముందే తింటాను. అమ్మ తినదు, నేను తినమని అడగను.

బొట్టు, పూలు, సినిమా, గాజులు, ఆదివారం బట్టలుతకడం, వీటన్నిటికీ ఇదే పని చేసి చూడండి. చాలా వరకు ఇల్లు, ఊరు, శాఖ దగ్గరే ఆగిపోతాయి.

చదివే పద్ధతి

మనకి వాక్యాలు ముక్కలుగా వచ్చు. కంఠత వాక్యం, వాగ్దాన కార్డు, ప్రసంగంలో చెప్పినది. అలా కాకుండా అధ్యాయం మొత్తం, వీలైతే పుస్తకం మొత్తం ఒకేసారి చదవండి. మార్కు సువార్త మొత్తం చదవడానికి రెండు గంటలు చాలు. బైబిల్ సొసైటీ వారి పాత తెలుగు అనువాదం మనకి చెవిలో ఉంటుంది కాబట్టి అర్థమైందనుకుంటాం. పక్కనే వాడుక తెలుగు అనువాదం ఒకటి పెట్టుకోండి, ఫోన్లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్ వస్తే అడుగున నోట్స్ ఉన్న బైబిల్ ఒకటి చూడండి.

ఒకే సంగతి రెండు చోట్ల ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. దావీదు జనాభా లెక్క తీయించిన కథ 2 సమూయేలు 24లో యెహోవా ప్రేరేపించాడని ఉంటుంది, 1 దినవృత్తాంతాలు 21లో సాతాను ప్రేరేపించాడని ఉంటుంది. యేసుని పట్టించిన యూదా ఎలా చనిపోయాడో మత్తయి 27లో ఒకలాగా, కార్యాలు 1లో ఇంకోలాగా ఉంటుంది. ఇది చూసి కొందరు బైబిల్ మూసేస్తారు. అలా చేయకండి. రాసినవాళ్ళు వేరు వేరు కాలాల్లో, వేరు వేరు ఆలోచనలతో రాశారని తెలిస్తే, ఒక్కొక్కరి గొంతు వేరుగా వినపడడం మొదలవుతుంది. నాకైతే అప్పుడే బైబిల్ మీద ఇష్టం పెరిగింది.

ఇక నా ప్రశ్న. నైట్ డ్యూటీల మధ్య, రెస్ట్ రోజుల్లో, నరకం, పాతాళం అన్న మాటలున్న వాక్యాలన్నీ ఏరి రాసుకున్నాను. నాలుగు నెలలు పట్టింది. దొరికింది చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న మనలో చాలామందిదే. మన తాతల్లో, ముత్తాతల్లో బాప్తిస్మం లేని మనిషి లేని ఇల్లు మన దగ్గర ఎక్కడుంది?

పాత నిబంధనలో మంచివాళ్ళూ చెడ్డవాళ్ళూ చనిపోయాక వెళ్ళేది ఒకే చోటికి, హీబ్రూలో షియోల్. మన బైబిల్లో పాతాళం అనో మృతుల లోకం అనో ఉంటుంది. యోసేపు చనిపోయాడనుకుని యాకోబు ఏడుస్తూ, నేనూ నా కొడుకు దగ్గరికి అక్కడికే పోతాను అంటాడు. అక్కడ మంటల మాట లేదు. ప్రసంగి అక్కడ పనీ లేదు, తెలివీ లేదు అంటాడు, అంతే.

యేసు మాటల్లో మనం నరకం అని చదివేచోట గ్రీకులో ఉన్నది గెహెన్నా. అది ఒక చోటి పేరు. యెరూషలేముకి దక్షిణాన ఉన్న హిన్నోము లోయ. యిర్మీయా 7లో ఆ లోయ సంగతి ఉంది. అక్కడ జనం తమ కొడుకుల్నీ కూతుళ్ళనీ అగ్నిలో కాల్చేవారు. దాని గురించి దేవుడు, ఆ పని నేను ఆజ్ఞాపించలేదు, నాకు తోచనే లేదు అంటాడు. ఈ మాట దగ్గర నేను నోట్‌బుక్ మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పిల్లల్ని కాల్చడం తనకి తోచనే లేదన్న దేవుడు, మా తాతయ్యని ఎప్పటికీ కాలుస్తూ ఉంటాడని నాకు 11 ఏళ్ళప్పుడు చెప్పారు.

గెహెన్నా అనే మాట కొత్త నిబంధనలో 12 సార్లే ఉంది. అందులో 11 మత్తయి, మార్కు, లూకాల్లో, ఒకటి యాకోబు పత్రికలో. అన్ని పత్రికలు రాసిన పౌలు ఒక్కసారి కూడా ఆ మాట వాడలేదు. మన తెలుగులో నరకం అనే మాట మిషనరీలు రాకముందే ఉంది. నూనె కాగే గంగాళాలు, యమభటులు, చిత్రగుప్తుడి చిట్టా, అన్నీ ఆ మాటతోపాటే ఉన్నాయి. అనువాదం చేసినవాళ్ళు జనానికి తెలిసిన మాట తీసుకున్నారు. నా చిన్నప్పటి పీడకలల్లో వచ్చిన నరకం, బైబిల్లోది కంటే యముడి సినిమాల్లోదే ఎక్కువ. ఇది ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు, భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అది కాస్త చిన్నదవుతుంది.

రెండో వైపు కూడా రాసుకోవాలి, లేకపోతే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. మత్తయి 25:46లో నిత్యశిక్ష అని స్పష్టంగా ఉంది. లూకా 16లో ధనవంతుడు అగ్నిజ్వాలలో యాతన పడతాడు. ప్రకటన 20లో అగ్నిగుండం ఉంది. మత్తయి 10:28లో మాత్రం ఆత్మనీ దేహాన్నీ నరకంలో "నశింపజేయగలవాడు" అని ఉంది. నశించడం వేరు, ఎప్పటికీ కాలుతూ ఉండడం వేరు.

పాతకాలపు సంఘ పెద్దల్లో కూడా ఒకే అభిప్రాయం లేదు. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకి చెందిన ఓరిజెన్, 4వ శతాబ్దంలో నిస్సా గ్రెగరీ, చివరికి దేవుడు అందర్నీ బాగుచేస్తాడని ఆశించారు. 5వ శతాబ్దంలో అగస్టీన్ నిత్యశిక్షే అని గట్టిగా వాదించాడు, పశ్చిమ దేశాల సంఘాల్లో ఆయన మాటే నిలిచింది. ఓరిజెన్ బోధని 6వ శతాబ్దంలో తప్పుడు బోధ అని తీర్మానించారు. దగ్గరి కాలంలో చూస్తే, 1964లో క్యాథలిక్ సంఘం వాళ్ళ రెండో వాటికన్ మహాసభ, తమ తప్పు లేకుండా సువార్త తెలియనివాళ్ళు మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతికితే వాళ్ళకీ రక్షణ సాధ్యమేనని రాసింది. మన ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్) బంధువులు చాలామందికే ఈ సంగతి తెలియదు. 1988లో జాన్ స్టాట్, ఇవాంజెలికల్ వాళ్ళు ఎంతో గౌరవించే ఆంగ్లికన్ బోధకుడు, దుష్టులు నిత్యం బాధపడతారన్నదాని కన్నా చివరికి నశించిపోతారన్నదే లేఖనాలకి దగ్గరగా ఉందేమోనని అన్నారు. అంటే నా ప్రశ్న సాతాను నాకు ప్రత్యేకంగా పుట్టించింది కాదు. 1,700 ఏళ్ళ కిందటి నుంచీ భక్తిపరులే అడుగుతున్నారు.

ఇక నా చేత చెప్పించిన ఆ వాక్యం, మార్కు 16:16. మార్కు సువార్త 16వ అధ్యాయంలో 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు, 4వ శతాబ్దానికి చెందిన రెండు ముఖ్యమైన చేతిరాత ప్రతుల్లో, సైనాయిటికస్‌లో, వాటికానస్‌లో, లేవు. 8వ వచనంతో సువార్త ఆగిపోతుంది. ఆ భాగం తర్వాత కలిసిందని ఎక్కువమంది బైబిల్ పండితులు ఒప్పుకుంటారు. పాముల్ని ఎత్తి పట్టుకుంటారు, విషం తాగినా ఏమీ కాదు అన్న మాట కూడా ఆ భాగంలోదే, మన చర్చిల్లో దాన్ని అక్షరాలా పాటించమని చెప్పగా నేను వినలేదు. మోకాళ్ళ మీద నిలబెట్టి నా చేత చెప్పించింది, మార్కు రాశాడో లేదో తేలని వాక్యం. నాకు 34 ఏళ్ళు వచ్చాక ఇది తెలిసింది. తెలిసిన రోజు డ్యూటీకి వెళ్ళలేదు, సెలవు పెట్టి పడుకున్నాను.

భయం వచ్చినప్పుడు

వస్తుంది. తెలిసీ తెలియకుండా వస్తుంది. స్కూటీ స్కిడ్ అయితే, బిడ్డకి జ్వరం వస్తే, "ప్రశ్నించినందుకే" అని లోపల ఒక గొంతు అంటుంది. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి ప్రయత్నించండి. నా విషయంలో అది టీచరమ్మ గారి గొంతే.

రాత్రిపూట వీటి గురించి చదవొద్దు. పొద్దున, కడుపు నిండా తిని, వెలుతురులో చదవండి. యూట్యూబ్‌లో పాస్టర్లని తిట్టే వీడియోలు వరసపెట్టి చూడొద్దు, భయం పోయి దాని జాగాలోకి కోపం వస్తుంది, ప్రశ్న మాత్రం అక్కడే ఉంటుంది. వారాల తరబడి నిద్ర లేకపోతే, గుండె దడ, ఊపిరి ఆడనట్టు ఉంటే డాక్టర్‌ని కలవండి. ఇది నర్సుగా చెప్తున్నాను. అది విశ్వాసం తగ్గడం కాదు, మందుతో, మాటలతో తగ్గే జబ్బు. ప్రార్థనతోపాటు మందు వేసుకోవచ్చు. ప్రార్థన చేశాం కదా అని మందు ఆపేసి మా వార్డుకి వచ్చినవాళ్ళని నేను చూశాను. దయచేసి ఎవరు చెప్పినా మందు ఆపొద్దు.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అడగకండి. అక్కడ అయ్యగారి చుట్టూ పదిమంది ఉంటారు, ఆయన ఆ పదిమందికి వినపడేలా జవాబు చెప్పాలి. మామూలు రోజు సాయంత్రం ముందుగా ఫోన్ చేసి వెళ్ళండి. "అయ్యగారూ, వాదించడానికి రాలేదండీ, ఒక సంగతి నన్ను బాధపెడుతోంది, మీకు తెలిసింది చెప్పండి" అనండి. ఒక్క ప్రశ్నే అడగండి. నోట్‌బుక్ తీసుకెళ్ళొద్దు, కేసు పెట్టడానికి వచ్చినట్టు ఉంటుంది. నేను తీసుకెళ్ళాను, రెండు నిమిషాల్లో మాట తెగిపోయింది.

థియలాజికల్ కాలేజీలో బి.డి. (పాస్టర్లు చదివే వేదాంత డిగ్రీ) చదివినవాళ్ళు దొరికితే మంచిది. మార్కు చివరి భాగం సంగతి, గెహెన్నా సంగతి వాళ్ళకి క్లాసులో చెప్పిన పాఠాలే. హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ లాంటి చోట్ల ఇవన్నీ చదువుతారు. చదివీ ప్రసంగంలో ఎందుకు చెప్పరని ఒక పెద్దాయన్ని అడిగాను. రిటైరయిన పాస్టరు ఆయన. "అమ్మా, చెప్తే సంఘం చెదిరిపోతుందని భయపడ్డాను. ఇప్పుడనిపిస్తుంది, చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఆ ముసలాయన మీద నాకు గౌరవం పోలేదు, పెరిగింది.

ప్రశ్న వినగానే మీ మీద చేతులుంచి దయ్యాన్ని గద్దించేవాళ్ళ దగ్గరికి రెండోసారి వెళ్ళకండి.

ఇంట్లో, చేతిలో డబ్బు, కాగితాలు

అమ్మానాన్నల మీద ఆధారపడి చదువుకుంటున్నవాళ్ళు, ఇంట్లో సంబంధాలు చూస్తున్న అమ్మాయిలు, ముఖ్యంగా మీకు చెప్తున్నాను. అన్నీ తేలకముందే ప్రకటించాల్సిన అవసరం లేదు. కుటుంబ ప్రార్థనలో కూర్చుని, మీ వంతు వచ్చినప్పుడు కీర్తన ఒకటి చదవండి, అది అబద్ధం కాదు. కూటంలో సాక్ష్యం చెప్పమంటే మాత్రం నమ్మనిది చెప్పొద్దు, "ఈసారికి వద్దండీ" అంటే చాలు. చావు ఇంట్లో, ఆదరణ కూడికలో, ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు మీ ప్రశ్న తీయొద్దు. మా బాబాయి పోయినప్పుడు నేను ఆ తప్పు చేశాను. పిన్ని ఏడుస్తూ "ఆయన ప్రభువు దగ్గరున్నాడు కదే" అంటే, నేను లూకా 16 గురించి మాట్లాడాను. మూడేళ్ళు పిన్ని నాతో మాట్లాడలేదు. తప్పు నాదే.

సంఘం నుంచి పేరు తీసేయమని కోపంలో ఉత్తరం రాయొద్దు. మన దగ్గర పెళ్ళి, సమాధుల తోటలో చోటు చాలాచోట్ల ఆ రిజిస్టరును బట్టే ఉంటాయి. ఆరు నెలలు వెళ్ళకుండా ఉండి చూడండి, తర్వాత నిర్ణయించుకోవచ్చు.

దశమభాగం గురించి అడిగేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. కానుకల రోజు, పదోవంతు అంతా మందిరపు నిధికి తెమ్మనే మలాకీ 3:10 వింటాం. ద్వితీయోపదేశకాండం 14:22-29 ఎప్పుడైనా విన్నారా? అక్కడ పంటలో పదోవంతుని దేవుని సన్నిధిలో ఇంటిల్లిపాదీ తిని సంతోషించమని ఉంది. మూడేళ్ళకోసారి ఆ పదోవంతు ఊళ్ళోని లేవీయులకి, పరదేశులకి, తండ్రిలేని పిల్లలకి, విధవరాళ్ళకి పెట్టమని ఉంది. నేను ఆ డబ్బు ఇప్పుడు మా ఊరి ఇద్దరు పిల్లల ఫీజులకి ఇస్తున్నాను.

కాగితాల సంగతి సున్నితమైనది. ఇంట్లో ప్రార్థన, కుల సర్టిఫికెట్‌లో హిందూ అని రాసి ఉండడం పిల్లలు చూస్తారు, "మనం అబద్ధం చెప్తున్నామా" అని అడుగుతారు. ఇది విశ్వాసం ప్రశ్న కంటే ముందు చట్టం తెచ్చిన చిక్కు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే ఉంచింది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ, అంటే వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది, అది ఇవ్వాల్సింది కేంద్రం. మతం మారినా పేట మారలేదు, బావి దగ్గర మాటలు మారలేదు. పిల్లలకి ఈ చరిత్ర దాచకుండా చెప్పండి. మీరు ప్రశ్నల్లో ఉన్న కాలంలో మాత్రం తొందరపడి ఏ కాగితమూ మార్చుకోవద్దు, తెలిసిన లాయర్‌ని అడిగి చేయండి.

చివరగా ఇంటివాళ్ళని అడగండి

ఇది నేను అందరికంటే ఆఖర్న చేశాను, ముందే చేయాల్సింది. పాస్టర్లని అడిగాను, పుస్తకాలని అడిగాను, మా అమ్మని అడగలేదు. ఆమె బాధపడుతుందని, లేదా నన్ను ఉపవాస కూటానికి లాక్కెళ్తుందని అనుకున్నాను.

పోయిన సంక్రాంతి సెలవులకి ఊరెళ్ళినప్పుడు, అరుగు మీద ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. "అమ్మా, తాతయ్య సంగతి నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. ఏ తాతయ్య అని అడగలేదు, ఏ సంగతి అనీ అడగలేదు. ఐదారు కాయలు ఒలిచేదాకా మాట్లాడలేదు.

"ఆయన పోయిన రోజు నుంచీ రాత్రి ప్రార్థనలో ఆయన పేరు చెప్తూనే ఉన్నానమ్మా" అంది. "చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయకూడదని అయ్యగారు చెప్తారు కదా. అందుకని పైకి అనను. లోపల అనుకుంటా."

ముప్పై ఏళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే మనిషి కోసం, ఇద్దరం ఒకరికొకరు తెలియకుండా అదే ప్రశ్నతో ఉన్నాం.

లోపలికి వెళ్ళి బైబిల్ తెచ్చి 1 పేతురు 4:6 చదివి వినిపించాను, మృతులకు కూడా సువార్త ప్రకటింపబడెను అన్నది. దీనికి వేరే అర్థం చెప్పేవాళ్ళు కూడా ఉన్నారని, బతికుండగా విని తర్వాత చనిపోయినవాళ్ళ గురించే అంటారని, అదీ చెప్పాను. అమ్మ ఇంకోసారి చదవమంది. చదివాను. బైబిల్ నా చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు లేకపోయినా ఆ వచనం మీద వేలు పెట్టి చూసుకుంది. తర్వాత ఒళ్ళో ఉన్న చిక్కుడు ఈనె ఒకటి ఆ పేజీలో గుర్తు పెట్టి మూసింది.